నాన్నకు మూడో పన్ను

సెప్టెంబరు 3

నాన్నకు మూడో పన్ను వచ్చింది. పై వరసలో, ఎడమ పక్కన. పోయేనాటికి ఆయనకు అక్కడ పన్ను లేదు కాబట్టి ఇది లాభమే.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "ఫోను ఆయన చెవి దగ్గర పెట్టు" అంది. పెట్టగానే మొదలుపెట్టింది. "ఏమయ్యా సెవెరీన్, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళవయ్యా అని కాపురమంతా నెత్తీ నోరూ కొట్టుకున్నాను. విన్నావా? ఇప్పుడు చూడు, ఊరికే వస్తున్నాయి!" నాన్న ఫోన్‌ను శుభ్రంగా నాకేశాడు.

తలెత్తితే గుమ్మంలో కిర్‌స్టెన్. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. మమ్మల్ని గమనించడానికని తెచ్చి ఉంచిన ఈ ఇంట్లో పనిచేసేవాళ్ళు చెప్పులు వేసుకోరు, మేజోళ్ళతో తిరుగుతారు. శుభ్రత కోసం అంటారు. నాకలా అనిపించదు.

"మీ అమ్మ ఎవరితో మాట్లాడుతోంది?" అంది.

"పాపతో."

"ఏమంటోంది?"

"పళ్ళ గురించి."

అబద్ధమేమీ చెప్పలేదు. కిర్‌స్టెన్ నవ్వింది. వీళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత వెళ్ళి రాసుకుంటారు. నేను పాపను ఎలా ఎత్తుకుంటున్నాను, ఎప్పుడు తినిపిస్తున్నాను, ఏడిస్తే ఎంతసేపట్లో లేస్తున్నాను, అన్నీ. శరదృతువు అయిపోయేలోగా పిల్లల సంక్షేమం ఆఫీసు నుంచి యెన్సన్ గారు వస్తారట. పాప నా దగ్గర ఉండాలా, వేరే ఎవరి ఇంటికైనా వెళ్ళాలా అన్నది అప్పుడు తేలుస్తారట. "కంగారుపడకు, ఇది నీకు సాయం చేయడానికే" అంటారు రోజూ. రోజూ చెప్పాల్సిన అవసరం ఏముంది?

ఇదంతా మా కింది వాటాలో కుక్కను పెంచుకునే ఆవిడ పెట్టిన చిచ్చే. నాకు ఖాయంగా తెలుసు. మెట్ల మీద నన్నెప్పుడూ పలకరించేది కాదు.

ఇక్కడికి రాకముందు, పాప బరువు తూచడానికి మా ఇంటికి వచ్చిన నర్సు మంచిదే. ఆ రోజు నేను నాన్నకు నీళ్ళు పోస్తూ, "నాన్నా, ఆ సముద్రంలో బాగా చలేసిందా?" అని అడుగుతుంటే, ఏమంటున్నావు అంది. చెప్పాను. మా నాన్న హాలిబట్ చేపల కోసం పడవ వేసుకుని వెళ్ళి తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు, ఆ తర్వాతి శీతకాలంలో ఈమె పుట్టింది, పేరు ఈమెకు పెట్టాం, కాగితాల మీద సెవెరీనా, ఇంట్లో మాకు నాన్న. మా ఊళ్ళో అయితే "ఓహో, సెవెరీన్ వచ్చేశాడా!" అని కాఫీకి కూర్చుంటారు. నర్సు కాఫీ తాగలేదు. పని ఉందని వెళ్ళిపోయింది. పాపం, వాళ్ళకు ఎన్ని ఇళ్ళుంటాయో. ఆ మరుసటి వారమే ఆఫీసు వాళ్ళు తలుపు తట్టారు.

కుక్క ఆవిడే.

సెప్టెంబరు 5

బొమ్మల గదికి తీసుకెళ్ళారు. రంగులు, మట్టిముద్దలు, ఉన్ని ఉండలు. బొమ్మలు గీయించి మనసులో ఉన్నది బయటికి లాగే వైద్యం అట. లాగేది ఇంగర్ అనే ఆవిడ. తెల్లజుట్టు, లావుపాటి కళ్ళజోడు.

ఆవిడ మొహం చూసి కుర్చీలోంచి లేచినంత పని చేశాను. మా మొహం! ఆ చెంపలు, ఆ కళ్ళు ఈ ఆల్‌బోర్గ్ ఊళ్ళో పుట్టినవి కావు. "మీది ఏ ఊరండీ?" అన్నాను మా భాషలో.

"ఆ భాష నాకు రాదు టబీటా, ఏమనుకోకు" అంది, వాళ్ళ భాషలో.

అదెలా కుదురుతుంది? గ్రీన్‌లాండ్ మొహం పెట్టుకుని గ్రీన్‌లాండ్ మాట రాకపోవడం ఏమిటి? నేను అమ్మతో ఏం మాట్లాడతానో వినడానికి తెచ్చిపెట్టుకున్న మనిషి అయి ఉంటుంది. పరీక్షిద్దామని, ముద్దుగా నవ్వుతూ, "మీ జుట్టు తడిసిన కుక్కలా ఉంది" అన్నాను మా భాషలో. ఆవిడ కూడా నవ్వి తలాడించింది. నిజంగానే రాకపోయి ఉండాలి. లేదా మహా గట్టిదై ఉండాలి.

"నీ కుటుంబాన్ని గీయి. నీకు ఎలా తోస్తే అలా" అంది.

గీశాను. చాలాకాలం తర్వాత రంగులు పట్టుకున్నాను, చెప్పకూడదుగానీ సరదా వేసింది. నాన్న పడవ, అందులో నాన్న, గడ్డం, నీలం చొక్కా. తల మీద మాత్రం ఇప్పుడు పెట్టుకుంటున్న గులాబీ రంగు ఉన్ని టోపీ. ఆయన ఒళ్ళో చిన్నగా నేను. ఒడ్డున అమ్మ, నోరు తెరుచుకుని.

ఇంగర్ చాలాసేపు చూసింది. "పాప ఎక్కడ?"

"ఇదుగో."

"ఇది... గడ్డం ఉన్న ఆయన కదా?"

"టోపీ చూడండి."

"మరి నువ్వు?"

"ఒళ్ళో."

"మీ ఇద్దరిలో ఎవరు ఎవరిని చూసుకుంటున్నారు టబీటా?"

నవ్వొచ్చింది. "నేను ఆయన్ని, ఆయన నన్ను!" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

తర్వాత, "పాప పుట్టినప్పుడు సంతోషం వేసిందా?" అంది. కనుబొమలు ఎత్తాను. ఆవిడ ఎదురుచూస్తూ కూర్చుంది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఎత్తాను, ఈసారి నుదుటి మీదికి పోయేలా. ఆవిడ తల వంచి ఏదో రాసుకుంది.

గదిలోకి వచ్చాకగానీ నాకు వెలగలేదు. కనుబొమలెత్తితే అవునని, ముక్కు ముడిస్తే కాదని మా ఊళ్ళో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. ఆవిడకు తెలియదు. నేను జవాబు చెప్పలేదని రాసుకుని ఉంటుంది. బిడ్డ పుట్టినప్పుడు సంతోషం వేసిందా అంటే జవాబు చెప్పని తల్లి.

సెప్టెంబరు 11

ఇంగర్ ఇవాళ కూడా ఆ పడవ బొమ్మ తీసి చూసుకుంటోంది. నన్ను చూడగానే కింద పెట్టింది.

సెప్టెంబరు 12

వంటింట్లో పాలు వేడిచేస్తుంటే పక్క గదిలోంచి ఇంగర్ మాటలు చెవిన పడ్డాయి. కిర్‌స్టెన్‌తో అంటోంది.

"బొమ్మలో పిల్ల లేదు. ముసలాయన ఉన్నాడు. తల్లి వెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చుంది. బిడ్డే తనకు తండ్రి కావాలని తల్లి అనుకుంటే, ఆ బిడ్డ బిడ్డగా ఎప్పుడు పెరుగుతుంది? చచ్చిపోయిన మనిషి బరువంతా తొమ్మిది నెలల పిల్ల మీద పెడుతోందేమోనని నా భయం."

"నాన్నా అనే పిలుస్తుంది తెలుసా, ఆడపిల్లని!" అంది కిర్‌స్టెన్.

పాలు పొంగిపోయాయి. అది కూడా రాసుకునే ఉంటారు.

బరువట! మా నాన్న ఎనిమిది కిలోలు లేడు ఇప్పుడు.

సెప్టెంబరు 13

సరే. వాళ్ళకు ఏం కావాలో అదే ఇద్దాం.

ఇవాళ్టి నుంచి ఆ పిలుపు బంద్. సెవెరీనా. లేదా పాప. ఈ పుస్తకంలో కూడా అంతే, ఎందుకంటే నిన్న నేను పరుపు కింద పెట్టిన చోటు నుంచి ఇది కొంచెం జరిగినట్టు అనిపించింది. మా భాష ఇక్కడ ఎవరికీ రాదు అంటున్నారు. అంటున్నారు. ఇప్పుడు పాప గుడ్డల సంచి అడుగున దాచాను.

సెప్టెంబరు 19

ఇల్లు గీశాను. ఎర్ర ఇల్లు, పొగగొట్టం, పచ్చ గడ్డి, మూలన సూర్యుడు. ఇంటి ముందు జెండా కర్ర, దాని మీద వాళ్ళ జెండా. పెద్దగా నేను, నా చేతిలో చిన్నగా పాప, గులాబీ గౌను. నాకే వాంతి వచ్చేట్టు ఉంది.

కిర్‌స్టెన్ చూసి, "అబ్బ, ఎంత బాగుందో!" అంది. ఇంగర్ మాత్రం, "మీ నాన్నగారు?" అంది.

"పోయారు" అన్నాను. "పోయినవాళ్ళు పోయినట్టే కదండీ."

మెచ్చుకుంటుందనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. ఈ మనిషికి ఏం కావాలో నాకు అంతుబట్టడం లేదు.

సెప్టెంబరు 20

అమ్మతో పెద్ద గొడవ. ఇక మీద ఫోన్లో పాపను పాపా అనే పిలవాలని చెప్పాను.

"ఎవర్ని?"

"సెవెరీనాని."

"నా మొగుణ్ణి పట్టుకుని నేను పాపా అనాలా? పోయినప్పుడు ఒక్కమాట చెప్పకుండా పోయాడు. ఏడాది తిరక్కుండా వెతుక్కుంటూ వచ్చాడు. ఇప్పుడు నువ్వెవరో తెలియనట్టు మాట్లాడమంటావా? పేరు అలుగుతుందే!"

"అమ్మా, పాపను తీసుకెళ్ళిపోతారు."

వెనక కుక్కలు అరుస్తున్నాయి. చివరికి, "ఫోను పాప చెవి దగ్గర పెట్టు" అంది. పెట్టాను. "పాపా, బాగున్నావా" అంది, ఎవరో బజారులో ఎదురైనవాళ్ళను అడిగినట్టు. పాప ఫోన్ వైపు చూసింది. నాకలేదు.

సెప్టెంబరు 26

పాప సరిగ్గా తినలేదు.

సెప్టెంబరు 27

తినలేదు. అరటిపండు ముద్ద ఉమ్మేసింది. ఎండుచేప ముక్క చీకుతుందేమో అని ఇస్తే అదీ విసిరేసింది. ఎండుచేపను విసిరేయడం! ఆయన జన్మలో చేయని పని.

ఆమె జన్మలో.

అక్టోబరు 2

ఒకటే ఏడుపు. డాక్టరు చెవులు చూశాడు, గొంతు చూశాడు, పళ్ళొస్తున్నాయన్నాడు. అది పళ్ళ ఏడుపు కాదు. మొహం అటు తిప్పుకుని ఏడుస్తుంది. నేను పిలిచినా ఇటు తిరగదు. సెవెరీనా, సెవెరీనా అని ఎన్నిసార్లు పిలిచినా గోడవైపే.

కిర్‌స్టెన్ అంది కదా: "ఈ మధ్య పాపతో నువ్వు ముక్తసరిగా ఉంటున్నావేంటి టబీటా? ఇదివరకు ఎంత కబుర్లు చెప్పేదానివి!"

ఆ కబుర్లకే కదమ్మా నన్ను ఇక్కడికి తెచ్చారు! పైకి అనలేదు. నవ్వాను. నాకూ వాళ్ళ నవ్వు పట్టుబడుతోంది.

అక్టోబరు 3

నాన్న అలిగాడు. నాకు తెలుసు. ఇదివరకు నిద్రపోయేటప్పుడు తన ఎడమ చెవి పట్టుకునేవాడు, పడవలో కునుకు తీసేటప్పుడు పట్టుకున్నట్టే. ఇప్పుడు పట్టుకోవడం లేదు. గుప్పిళ్ళు బిగించుకుని పడుకుంటున్నాడు. నేను పిలవకపోతే ఆయన ఎక్కడ ఉంటాడు? మళ్ళీ ఆ నీళ్ళలోకే పోతే?

ఈ పేజీ చింపేయాలి.

అక్టోబరు 9

చింపలేదు. ఇవాళ జరిగింది రాయాలి.

బొమ్మల గదిలో పాప ఏడుస్తోంది. చేతులకు మట్టి అంటితే కడుక్కోవడానికి బయటికి వెళ్ళాను. తిరిగి వస్తుంటే ఏడుపు ఆగింది. నాకు తెలియకుండా ఏం పెట్టారో అని అడుగు చప్పుడు కాకుండా వెళ్ళాను. మేజోళ్ళతో నడవడం నాకూ వచ్చింది.

తలుపు సందులోంచి చూస్తే ఇంగర్ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, పాప మొహంలో మొహం పెట్టి, మా భాషలో, వంకరటింకర పలుకుతో, "నాన్నా" అంటోంది. "నాన్నా. నాన్నా."

పాప నోరు తెరిచి చూస్తోంది. మూడు పళ్ళూ కనబడుతున్నాయి.

లోపలికి వెళ్ళి పాపను లాక్కున్నాను. "ఏం చేస్తున్నారు? సాక్ష్యం పోగుచేస్తున్నారా? పలుకుతోందో లేదో చూసి వాళ్ళకు చెప్పడానికా?"

ఇంగర్ లేవడానికి బల్ల పట్టుకుంది. "చూడాలనే పిలిచాను. అబద్ధం ఎందుకు? నువ్వు ఆ పిలుపు మానేసిన దగ్గర్నుంచీ పిల్ల వాడిపోతోంది. నువ్వూ వాడిపోతున్నావు. నేను చదివింది తప్పేమోనని..."

"మీరసలు మావాళ్ళా, వాళ్ళవాళ్ళా?"

ఆ మాట అడగాలని మొదటి రోజు నుంచీ ఉంది. అడిగేశాను. ఆవిడ కళ్ళజోడు తీసింది. తీస్తే మా పెద్దత్తలా ఉంది, అది ఇంకా ఒళ్ళు మండించింది.

"నాకు తెలియదు" అంది. "నడక వచ్చీరానప్పుడు ఇక్కడికి తెచ్చారు, చికిత్సకని. తర్వాత ఇక్కడివాళ్ళే పెంచుకున్నారు. మంచివాళ్ళు. ఇంగర్ అని పెట్టారు. అంతకుముందు నా పేరు నికోలీన్ అట. ఏ ఊరో, ఎవరి బిడ్డనో తెలియదు. చదువుకున్నాను, బొమ్మలు చదవడం నేర్చుకున్నాను. బొమ్మలో ఎవరు పెద్దగా ఉన్నారు, ఎవరు చిన్నగా ఉన్నారు, ఎవరు ఎవరి ఒళ్ళో ఉన్నారు, అన్నిటికీ అర్థాలు చెప్పారు మాకు. నీ బొమ్మకు ఆ అర్థాలే వేశాను. నిన్ను అడగాలని తోచలేదు. ఈ మొహం పెట్టుకుని నిన్ను అడగడానికి సిగ్గేసింది కూడా."

నమ్మాలా? ఇలా మెత్తగా మాట్లాడి నోరు తెరిపించడం కూడా వీళ్ళ చదువులో ఉండే ఉంటుంది.

"నన్నెందుకు అడగడం? మా అమ్మను అడగండి. వచ్చే వారం ఇక్కడే, మీ ముందే ఫోన్ చేస్తాను" అన్నాను. అమ్మ నోటి ముందు ఎవరైనా తోక ముడవాల్సిందే.

అక్టోబరు 16

ఏం జరిగిందో నాకు ఇంకా అర్థం కావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బల్ల మీద ఫోన్ నిలబెట్టి అమ్మను చూపించాను. అమ్మ కొత్త చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని కూర్చుంది. నేను మధ్యలో, ఆ మాట ఈ భాషలోకి, ఈ మాట ఆ భాషలోకి. కిర్‌స్టెన్ పాపను చూసుకునే వంకతో గుమ్మం దగ్గర చేరింది.

అమ్మ ఇంగర్‌ను కాసేపు తేరిపార చూసింది. తర్వాత మా ఊళ్ళో కొత్తవాళ్ళను అడిగేదే అడిగింది. "ఎవరివమ్మా నువ్వు?"

"ఇంగర్ అండీ. నేను ఇక్కడ..."

"అది కాదు. నీ పేరు ముందు ఎవరిది?"

ఇంగర్ నా వైపు చూసింది. వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాను. ఆవిడ మెల్లిగా, "పుట్టినప్పుడు నికోలీన్ అట. ఎవరిదో నాకు తెలియదు" అంది.

అమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుంది. ఫోన్ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఉన్నట్టుండి గొంతెత్తి పాపను పిలిచింది. పాపా అని కాదు.

"సెవెరీన్! ఓ సెవెరీన్! ఇటు చూడవయ్యా! నీ చెల్లెలు దొరికిందయ్యా! దగ్గుతో పోయిన పిల్ల, నికోలీన్! ఎన్నేళ్ళు ఏడ్చావు దానికోసం! ఇదుగో, ముసలిదైపోయి నీ ముందే కూర్చుంది!"

పాప కేరింత కొట్టింది. ఇన్ని వారాల తర్వాత! కిర్‌స్టెన్ చేతుల్లోంచి ఫోన్ వైపు ఉరకబోయింది.

"ఏమంటున్నారు?" అంది ఇంగర్.

నాన్నకు నికోలీన్ అనే చెల్లెలు ఉందని నా జన్మలో వినలేదు. మార్చి చెప్పకుండా మింగేద్దామా అనుకున్నాను. కానీ అమ్మ అక్కడి నుంచి "చెప్పవే! చెప్పు!" అని ఒకటే పోరు. చెప్పాను. ఆ పేరు ఉన్నవాళ్ళెవరైనా మాకు ఆ మనిషే అని కూడా చెప్పాను, అది మాత్రం నిజం కాబట్టి.

ఇంగర్ ఏడ్చింది. ముక్కు చీదుకుంటూ, కళ్ళజోడు బల్ల మీద పడేసి, చిన్నపిల్లలా. అమ్మ అటు, ఈవిడ ఇటు. నేనూ కిర్‌స్టెన్ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

అక్టోబరు 17

అమ్మను నిలదీశాను. "నిజం చెప్పు. నాన్నకు చెల్లెలు ఉందా?"

"ఉంది."

"నాన్న ఎప్పుడూ చెప్పలేదే?"

"మీ నాన్న ఏం చెప్పాడు గనక? పళ్ళు నొప్పి అని కూడా చెప్పేవాడు కాదు."

"అత్తలెవరూ చెప్పలేదు."

"నువ్వు అడిగావా?"

"అమ్మా, ఆవిణ్ణి మంచి చేసుకోవడానికి నువ్వు కల్పించావని తెలిస్తే నా పని అయిపోయినట్టే. నా బిడ్డ పోతుంది!"

అమ్మ గొంతు మారిపోయింది. "ఎవరివమ్మా అంటే జవాబు లేని మనిషిని నేను ఇంతవరకు చూడలేదే టబీటా. ఆ మొహం చూశావా నువ్వు? ఆవిణ్ణి అలా కూర్చోబెట్టి ఫోన్ పెట్టేయమంటావా?"

అమ్మ కల్పించానని ఒప్పుకోలేదు. కాదనీ చెప్పలేదు. ఇంగర్ మీద నా తల్లి దయ చూపించిందా, వల వేసిందా? అమ్మ దయగలదే. వల వేయడం కూడా బాగా వచ్చు.

అక్టోబరు 18

నాన్న అని పిలిచాను, దుప్పటి లోపల, మెల్లిగా. చెవి పట్టుకుని పడుకున్నాడు.

అక్టోబరు 23

రేపు యెన్సన్ గారు వస్తున్నారు. ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. గడ్డం ఆయన ఎవరు అంటే, కథల్లో మనిషి అంటాను. ఇంగర్ మీ బంధువా అంటే, కాదు, అది మా అమ్మ సరదాకి అన్న మాట అంటాను. పాపను సెవెరీనా అంటాను. తడబడకూడదు.

కిర్‌స్టెన్ ఇవాళ నాతో ఎక్కువ మాట్లాడలేదు. ఫోన్ సంగతి ఆఫీసుకు చేర్చేసి ఉంటుంది.

అక్టోబరు 24

ఇంగర్ నా రెండు బొమ్మలూ తెచ్చి పొడుగు బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. పడవ, జెండా ఇల్లు. ఇదేనా చివరికి చేసింది అని లోపలే తిట్టుకున్నాను. యెన్సన్ గారు సన్నగా, పొడుగ్గా, జలుబుతో ఉన్నారు. జెండా ఇల్లు చూసి, "ఇది బాగుంది" అన్నారు.

"అదే అబద్ధం" అంది ఇంగర్. "మాకోసం గీసింది. నేను భయపెడితే గీసింది. మొదటి బొమ్మను నేను తప్పుగా చదివాను. తప్పుగా చదివానని నా సంతకంతోనే ఇస్తున్నాను."

యెన్సన్ గారు ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగారు. "ఈ పడవలో గడ్డం ఉన్నాయన ఎవరమ్మా?"

కథల్లో మనిషి. నాలుక చివరే ఉంది. సరిగ్గా అప్పుడే కిర్‌స్టెన్ చేతుల్లో పాప ఏడుపు అందుకుంది, ఆ గోడవైపు తిరిగి ఏడ్చే ఏడుపు. కిర్‌స్టెన్ ఊపింది. "సెవెరీనా, సెవెరీనా" అంది. ఏడుపు పెరిగింది. అందరూ నన్నే చూస్తున్నారు. తల్లి ఏం చేస్తుందో అని. సెవెరీనా అని పిలవడానికి నోరు తెరిచాను. మొహం గోడవైపే ఉంది. ఈ గదిలో కూడా పరాయిదానిలా పిలిస్తే ఇక ఎప్పటికీ ఇటు తిరగడనిపించింది.

"నాన్నా!" అన్నాను, గట్టిగా. "నాన్నా, ఇటు చూడు! నేను, టబీటాను!"

ఏడుపు అక్కడికక్కడ తెగింది. తిరిగి చూసి, రెండు చేతులూ చాచాడు. ఎత్తుకున్నాను. నా మెడలో మొహం పెట్టి, తన ఎడమ చెవి పట్టుకుని, ఎక్కిళ్ళు పెడుతూ. యెన్సన్ గారు జేబురుమాలు ముక్కు దగ్గరే పట్టుకుని ఉండిపోయారు.

ఇక దాచడానికి ఏముంది? అంతా చెప్పాను. "ఈయన మా నాన్న. నేను మా నాన్నకు పాలు ఇస్తాను, గుడ్డలు మారుస్తాను, తప్పు చేస్తే తిడతాను. పిచ్చి కాదండీ. నా బిడ్డ అని నాకు తెలుసు. కానీ ఈ పిల్ల పుట్టకముందే ఈ పిల్ల కోసం ఏడ్చినవాళ్ళు ఒక ఊరు నిండా ఉన్నారు. అది బరువు ఎలా అవుతుంది?"

యెన్సన్ గారు ఇంగర్ వైపు తిరిగారు. "ఒక మాట అడగాలి. ఈ కుటుంబం మిమ్మల్ని బంధువు అన్నదని విన్నాను. అదే నిజమైతే మీ మాట నేను లెక్కలోకి తీసుకోలేను. మీరు వీళ్ళకు ఏమైనా అవుతారా?"

కిర్‌స్టెన్ కిందికి చూసింది. నేను అనుకున్నదే.

ఇంగర్ బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది, వేళ్ళ సందుల్లో ఇంకా నీలం రంగు ఉంది. అవునంటే నా బిడ్డ పోతుంది. ఆవిడ మొహం చూస్తే అవునంటుందనే అనిపించింది. ముసలితనంలో దొరికిన ఒకే ఒక్క జవాబు, ఎవరు మాత్రం వదులుకుంటారు?

"కాను" అంది ఇంగర్. "ఏమీ కాను. అది ఆ పెద్దావిడ ఆప్యాయంగా అన్న మాట. నా పేరు ఇంగర్."

తర్వాత ఏం మాట్లాడుకున్నారో నాకు సరిగ్గా వినబడలేదు.

అక్టోబరు 30

ఇల్లు! మా ఇల్లు! పాప నా దగ్గరే ఉంటుంది. నెలకోసారి ఆఫీసు నుంచి ఒకరు వచ్చి చూసి పోతారట, వసంతం దాకా. వాళ్ళు కూడా చప్పుడు చేయకుండా నడిచేవాళ్ళే అయి ఉంటారు. రానీ.

సామాను సర్దుతుంటే కిర్‌స్టెన్ వచ్చి, తనే అల్లిన చిన్న మేజోళ్ళు ఇచ్చింది. నాన్న కాళ్ళకు సరిపోయాయి. లోపల ఏమైనా పెట్టి కుట్టిందేమో అని వెలుతురులో పట్టి చూశాను. ఏమీ లేదు.

మెట్ల దగ్గర కింది వాటా కుక్క ఆవిడ ఎదురైంది. "ఎన్నాళ్ళకు కనబడ్డారమ్మా! చప్పుడు లేక బిక్కుబిక్కుమంది" అంది. కుక్క నాన్న కాలు నాకింది. మరి ఎవరు చెప్పినట్టు? ఆ నర్సా? ఆవిడ మంచిది కదా.

నవంబరు 9

తలుపు తడితే ఇంగర్. చేతిలో పొట్లం, ఎండుచేప, రేవులో గ్రీన్‌లాండ్ సరుకు దిగే చోట కొన్నదట. ఎక్కువ పెట్టి కొనుంటుంది, బేరం తెలిసిన మొహం కాదు.

"ఇవాళ పని మీద రాలేదు" అంది. "మీ కేసు నా దగ్గర లేదిప్పుడు."

సరే, కూర్చోమన్నాను. కాఫీ పెట్టాను. సంచి ఎక్కడ పెడుతుందో చూశాను, అలవాటు పోలేదు. సంచిలో రాసుకునే పుస్తకం చివర కనబడుతోంది. నాన్న పాక్కుంటూ వెళ్ళి ఆవిడ మోకాలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఎవరి దగ్గరికీ అలా వెళ్ళడు. ఆవిడ చేపముక్క ఇచ్చింది. నాలుగు పళ్ళతో పట్టాడు.

కాఫీ చల్లారిపోయింది. ఆవిడ తాగలేదు. నాన్న నెత్తి మీద చెయ్యి పెట్టి, నా వైపు చూడకుండా, "ఒకటి అడగనా టబీటా?" అంది.

"అడగండి."

"వాళ్ళ ముందు నేను కాదన్నాను. నీకోసమే అన్నాను. కానీ అన్న దగ్గర్నుంచీ నిద్ర పట్టడం లేదు. మీ నాన్నకు నిజంగా ఉందా? నికోలీన్ అనే చెల్లెలు?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. అమ్మను ఇంకో మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ చేపలు ఎండబెట్టడం గురించి మాట్లాడింది. నాన్ననూ అడిగాను. ఆయన పెరుగు ఉమ్మాడు.

ఆవిడ తలెత్తి నన్నే చూస్తోంది. ఆ చెంపలు, ఆ కళ్ళు.

కనుబొమలు ఎత్తాను.

ఆవిడ ఎదురుచూస్తూ కూర్చోలేదు ఈసారి. మళ్ళీ అడగలేదు. పుస్తకం తీయలేదు. కాసేపటికి, మెల్లిగా, సరిగ్గా చేతనయ్యీ కాక, తనూ కనుబొమలు ఎత్తింది.